కుంకుమ పెట్టిన బోల్టులు

అత్తగారు కాళ్ళు చాపుకుని, నెలల పిల్లను కాళ్ళ మీద బోర్లా వేసుకుని ఉన్నారు. నేను చెంబుతో వేడినీళ్ళు పోస్తున్నాను. పిల్ల వీపు మీద నెమలికంఠం రంగు తెట్టు ఒకటి పాకుతూ పోయింది. వంగి వాసన చూశాను. కిరసనాయిలు, మసి. చెంబు చేతిలోనే ఆగిపోయింది.

"నీళ్ళు పొయ్యవేటి? పిల్ల సలికి వణుకుతంది."

"నీళ్ళు బాగాలేవత్తమ్మా."

"నీళ్ళకేటి? నీ బయమే బాగోలేదు."

ఆ నీళ్ళు మా బియ్యం మిల్లువి. గిరిసోల స్టేషను వెనక మిల్లు, దాన్ని ఆనుకునే ఇల్లు. ఇంజను వేడిని లాక్కున్న నీళ్ళు బయటి తొట్టిలో పడేవి. చలికాలంలో కట్టెలెందుకు దండగని చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళందరం అవే తెచ్చుకునేవాళ్ళం. మా ముగ్గురు పిల్లలకూ ఒళ్ళు గట్టిపడింది ఆ నీళ్ళతోనే. వాటిలోకి మసి ఎలా వచ్చింది?

పిల్లను తుడవమని చెప్పి తొట్టి దగ్గరికి పరుగెత్తాను. ఎసరు మరిగినట్టు బుడగలు లేస్తున్నాయి. లోపల ఇంజను చప్పుడు ఒక్కసారి తడబడి, మళ్ళీ అందుకుంది. ఆ చప్పుడు వినిపిస్తున్నంతసేపూ మా ఆయన క్షేమమనుకోవడం నాకు అలవాటు.

ఆయన ఇంజను ఆపి, దాని మూతలాంటి హెడ్డు విప్పారు. లోపలి మంటా, నీళ్ళూ కలవకుండా హెడ్డు కింద రాగిరేకు ప్యాకింగు ఒకటి ఉంటుంది. అది ఒకచోట కాలి, మంట నీళ్ళలోకి దారి చేసుకుంది. కొత్త ప్యాకింగు మిల్లులో ఉంది. చిక్కంతా హెడ్డును బిగించి పట్టే బోల్టులతోనే.

ప్రతి దసరాకూ అత్తగారు వాటికి పసుపు రాసి కుంకుమ పెట్టేవారు. పసుపూ కుంకుమా నూనే తవుడూ ఏళ్ళ తరబడి అట్టకట్టి, కింద ఇనుము ఎలా ఉందో ఎవరికీ తెలియకుండా పోయింది. శుభ్రం చెయ్యమని ఆయన వాటిని ఇంటికి పంపారు. కిరసనాయిల్లో నానబెట్టి కొబ్బరిపీచుతో తోమాను. ఎర్రగా కారింది. నెత్తురు కాదని తెలుసు. అయినా మాటిమాటికీ చేతులు కడుక్కున్నాను.

తోమినవాటిని రెండేసి చొప్పున పక్కపక్కన ఆనించి చూశాను. ఒకదాని మర చుట్లలో రెండోదాని చుట్లు కూర్చోవాలి. ఒక జత కూర్చోలేదు. మధ్యలోంచి వెలుతురు కనిపించింది. రెండింట్లో ఒకదాని నడుము సన్నబడి ఉంది. బరంపురం కాలేజీలో తీగకు బరువులు కట్టి సాగదీసిన పాఠం గుర్తొచ్చింది. హద్దు దాటి సాగిన తీగ, బరువు తీసేసినా వెనక్కి రాదు.

"అన్నీ మార్చండి," అన్నాను, బోల్టుల కోసం ఇంటికొచ్చిన ఆయనతో. "ఒకటి సాగిందంటే, తక్కినవీ దాని పక్కన అదే బరువు మోశాయి కదా."

"ఆ ఒక్కటీ మారుస్తాను. అదనంగా ఒకటుంది. అన్నీ అంటే వాల్తేరు నుంచి రావాల. బయట బళ్ళు సూసినావా?"

చికిటి వైపు నుంచి వచ్చిన ధాన్యం బళ్ళు వరసగా నిలబడి ఉన్నాయి. ముందు బండి ఒరియా రైతు గుమ్మంలోకే వచ్చేశాడు. "ఆజి హెబొ కి నాహిఁ, బావూ? ఇయ్యాల ఆడతాదా, ఇచ్ఛాపురం ఎల్లిపోమంటారా?"

"ఇన్ని దసరాలు నా సేత్తో బొట్టెట్టినాను. అయి పారెయ్యడమేటి?" అన్నారు అత్తగారు.

"తీగల సదువు సదివిన కోడల్ని తెచ్చుకున్నావు కదమ్మా," ఆయన నవ్వారు. "ఇనుమును కూడా నమ్మదు."

మాది పడుకుని ఉండే ఇంజను. హెడ్డు పక్కకు చూస్తూ ఉంటుంది. దానికి ఎదురుగా ఉన్న బల్ల మీదే ఆయన మధ్యాహ్నం భోజనం. క్యారియరు తీసుకెళ్ళే మా పెద్దవాడు, ఆయన తినేదాకా అక్కడే నిలబడేవాడు. ఆ హెడ్డు ఊడి వస్తే ఏ ఎత్తున వస్తుందో నాకు కళ్ళకు కట్టింది. సరిగ్గా వాడి మొహం ఎత్తున.

ఆ రోజు క్యారియరు నేనే తీసుకెళ్ళాను.

ఆయన పానాతో బోల్టులు బిగిస్తున్నారు, ఎదురెదురువి కొంచెం కొంచెంగా. కొత్తది గట్టిగా నిలిచింది. పాతవాటిలో ఒకటి, నేను కూడా బాగుందనుకున్నది, తిప్పుతుంటే తిరుగుతూనే ఉంది. బిగుతు రావడం లేదు, ఆ తీగలాగే లోలోపల సాగుతోంది. ఇంకొంచెం తిప్పారు. తిరిగింది. విరిగిన చప్పుడు లేదు, కిర్రుమనలేదు. మెత్తగా, మాట వింటున్నట్టు తిరిగింది.

ఆయన పానా వదిలేశారు.

"పెద్దోడేడీ?"

"ఇంట్లో."

"ఇంట్లోనే ఉండనీ."

బళ్ళు ఇచ్ఛాపురం దారి పట్టాయి. బోల్టులన్నీ కొత్తవి తెమ్మని ఆయన సాయంత్రం మనిషిని రైలెక్కించారు. అత్తగారు పాతవాటిని గుడ్డలో మూటగట్టి అటక మీద పెట్టారు.

కొత్త బోల్టులతో ఇంజను మునుపటికంటే బాగా ఆడుతోంది. ఏమీ జరగలేదు. జరగనిది నన్నెందుకు వదలదో తెలియదు. పిల్లలు నిద్రపోయాక ఇలా రాసుకుంటూ కూర్చుంటే, చప్పుడు లేకుండా ఆ బోల్టు తిరుగుతూనే ఉంటుంది. పెద్దవాడు పొడుగయ్యాడు. మొన్న వాణ్ణి గోడకు నిలబెట్టి చూశాను. ఇప్పుడైతే ఆ హెడ్డు వాడి గుండెల దగ్గరికి వస్తుంది.

బళ్ళు వెళ్ళిపోయిన మర్నాడు పొద్దున్న పిల్లలు లేచేసరికి మిల్లు మూగగా ఉంది. పెద్దవాడు గోడకు చెవి ఆనించి విన్నాడు.

"అమ్మా, ఇంజను సచ్చిపోనాదా?"

"లేదు నాన్నా," అన్నాను. "ఇవాళ నాన్న ఇంట్లోనే అన్నం తింటారు. నువ్వు క్యారియరు మొయ్యక్కర్లేదు. చెల్లీ నువ్వూ కలిసి అందరికీ పీటలు వెయ్యండి."