ఎండ దేశపు తొండ

నా చిన్నప్పుడు ఎండాకాలం వచ్చిందంటే మా నౌపడ స్టేషను బయట, ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు నేల మీద గుడ్డ పరిచి ఏవేవో అమ్మేవారు. ఒక ఏడాది ఒకతను తొండలు తెచ్చాడు. మన కంచెల మీద తలాడించే తొండలు కావవి. జానెడున్నర పొడవు, మట్టి రంగు, వాచినట్టుండే ఒళ్ళు, తోక చుట్టూ వరసలుగా ముళ్ళు. ఆ తోకలోని కొవ్వు కరిగించి రాస్తే మోకాళ్ళ నొప్పులు పోతాయని అతను చెబుతున్నాడట. మా నాన్న కిరాణా కొట్టుకు ఆ కబురు వచ్చింది. నాన్నమ్మకు అప్పటికే నడక కష్టమైపోయింది. నా భుజం మీద చెయ్యి వేసుకుని మెల్లగా బయలుదేరింది.

గుడ్డ మీద పది దాకా తొండలున్నాయి. ఒక్కటీ కదలడం లేదు.

"కట్టనేదు కదా, పారిపోవేటి?" అని అడిగింది నాన్నమ్మ.

"నడుం విరిచేస్తాం అమ్మా," అన్నాడతను వచ్చీరాని తెలుగులో, కూరగాయల సంగతి చెప్పినంత మామూలుగా. సరుకు అసలైనదని చూపించడానికి ఒక తొండను పట్టుకుని కత్తి తీశాడు. నేను నాన్నమ్మ చీరలో మొహం దాచుకుని ఏడ్చాను.

నాన్నమ్మ అతని కత్తికి చెయ్యి అడ్డం పెట్టింది. "నూనె వద్దు బాబూ. దాన్ని అలాగే ఇచ్చీ," అంది.

అదేం తింటుందో, ఎలా బతుకుతుందో అతన్నే అడిగి తెలుసుకుంది. పడమటి ఎడారి దానిదట. వాన ఎప్పుడో గాని పడని గట్టి నేలలో బొరియ తవ్వుకుని, పొద్దుగూకే వేళకు లోపలికి పోయి, ద్వారం మట్టితో మూసుకుంటుందట. గడ్డి, ఆకులు, పువ్వులు తింటుందట. దాని జోలికి వెళ్ళకపోతే ఎవరినీ ఏమీ చెయ్యదట.

పెరట్లో గోడ వారన, రోజంతా ఎండ పడేచోట, మట్టిని దిమ్మిసతో గట్టిగా కొట్టి చిన్న బొరియ చేశాం. అది ముందు కాళ్ళతో ఒళ్ళంతా ఈడ్చుకుంటూ అందులోకి వెళ్ళేది. తోటకూర ఆకులు తినేది. నానబెట్టిన శనగలు పెడితే నా అరచేతిలోంచే తీసుకునేది. వీధిలో పిల్లలందరినీ పిలిచి చూపించాను. మేం దాన్ని కాపాడామని చెప్పుకున్నాను. ఆ మాట అన్నప్పుడల్లా నాన్నమ్మ ముందు నా వైపు, తర్వాత దాని విరిగిన నడుం వైపు చూసేది.

తర్వాత వానలు పట్టాయి. తొలి వానకు మా వీధిలో అందరి మొహాలూ విచ్చుకున్నాయి, వానొస్తే పని ఆగిపోయే ఉప్పు మళ్ళవాళ్ళవి తప్ప. మూడు రోజులు ముసురు. బొరియలో నీళ్ళు నిలిచాయి. దాన్ని వంటింట్లో పొయ్యి పక్కకు తెచ్చి గోనెపట్టా మీద పెట్టాం. ఆకు నోటి దగ్గర పెట్టినా తెరవలేదు. నాలుగో రోజు పొద్దున్న దాని ఒళ్ళు చల్లబడిపోయింది.

"ఇక్కడ గాలే తడి కదే. దానికెలా పడతాది," అని నాన్నమ్మ గునపం తెచ్చింది.

వారం తిరగకుండా ఆ తొండలతను మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. చేతిలో గుడ్డ సంచి. లోపల రెండు తొండలు.

"మీరు బతికున్నవి కొంటారు కదమ్మా. మీకోసమే తెచ్చాను," అని నవ్వాడు.

నాన్నమ్మ సంచి మూతి విప్పి చూసింది. "నాకోసమా," అంది, అతన్ని అడిగినట్టు కాదు. అతన్ని అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. తాగడం అయ్యాక, "నాను కొనను బాబూ. నాకోసం ఆ బొరియలు తవ్వకు," అంది.

"మరి వీటినేం చెయ్యమంటారు?" అన్నాడతను. నాన్నమ్మ ఖాళీ గ్లాసు అందుకుని గుమ్మం వైపు తిరిగింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని గుంజాను, కొనమని ఏడ్చాను. అతను సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. నాన్నమ్మ తలుపు వేసింది.

"నువ్వే సంపీసావు వాటిని," అన్నాను.

కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. గుమ్మంలోనే చతికిలబడి, "అవునే. మొదటిది కొన్ననాడే ఆలోసించాల్సింది. ఇయ్యి కూడా కొంటే, మళ్ళీ ఇంకో సంచితో వస్తాడు కదే," అంది. ఆ పూట అన్నం తినలేదు. నేను రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు.

ఇప్పుడు నేను అప్పటి నాన్నమ్మ కన్నా పెద్దదాన్ని. ఆ తొండలు తగ్గిపోతున్నాయని, పట్టడం, అమ్మడం నేరమని, అయినా చాటుగా సాగుతూనే ఉందని చదువుతుంటాను. వాటి బీళ్ళలోకి కాలవల నీళ్ళొచ్చి దున్నకాలు మొదలయ్యాయట. నీళ్ళొస్తే ఎవరు మాత్రం వద్దంటారు? ఎవరిని తప్పు పట్టాలో తెలియక, చదివిన కాగితం మడిచి పక్కన పెడతాను. ఇలాంటివి చదివి చదివి మనసు అలిసిపోయింది.

నాన్నమ్మ ఆ రోజు నన్ను తిట్టి ఉంటే ఈపాటికి మర్చిపోయేదాన్ని. నేను వేసిన నిందను కాదనలేదు. అలాగని తలుపూ తియ్యలేదు. ఎవరికైనా, దేనికైనా సాయం చెయ్యబోయే ముందు నాకిప్పటికీ చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. ఒక్కోసారి ఆగి, ఇచ్చేస్తాను. ఒక్కోసారి కాదంటాను. కాదన్న రోజున మాత్రం నాకు అన్నం సయించదు.