కుర్చీ వేసి అమ్మిన రివాల్వర్

మొన్న మహబూబాబాదులో ఉండే మా తమ్ముడి కొడుకు కారేసుకుని మొగుళ్లపల్లి దగ్గరి మా ఊరికి వచ్చి, జనగామలో ఒకాయన దగ్గర వాడిన రివాల్వర్ అమ్మకానికి ఉందనీ, తనకు లైసెన్సు కూడా చేతికొచ్చిందనీ, నేను వెంట వచ్చి దాని మంచిచెడ్డలు చూసి చెప్పాలనీ పట్టుబట్టాడు. వాడిది ప్లాట్ల వ్యాపారం. నడుముకు తుపాకి ఉంటే మాటకు బరువొస్తుందని వాడి నమ్మకం. "మనింట్ల దాని సంగతి నీకే ఎరుక గదా పెద్దబాపు" అన్నాడు. ఎరుకే. ఎట్లా ఎరుకైందో మాత్రం వాడికి ఎవరూ చెప్పలేదు, మా ఇంట్లో ఆ ముచ్చట తీసే అలవాటు లేదు.

నా ఈడు వాళ్లకు అంగడిలో ఎద్దుల బేరాలు గుర్తుండే ఉంటాయి. మా బాపు ఎద్దులను చూడటంలో పేరున్న మనిషి. టేకుమట్ల నుంచి కూడా వచ్చి ఆయనను బండెక్కించుకుని పోయేవాళ్లు. పళ్లు చూసేవాడు, గిట్టలు చూసేవాడు, సుడులు చూసేవాడు, మెడ మీద కాడి మోసిన చోట అరచేయి పెట్టి కాసేపు కళ్లు మూసుకునేవాడు. కానీ ఇవన్నీ తర్వాత. ఎద్దు మీద చెయ్యి వేయకముందే అమ్మేవాణ్ణి ఒక్క మాట అడిగేవాడు, "ఎందుకు అమ్ముతున్నవ్?" అని. జవాబు కంటే, జవాబు చెప్పేటప్పుడు వాడి ముఖం చూసేవాడు. ముఖం నచ్చకపోతే ఎంత మంచి ఎద్దునైనా వదిలి కండువా దులుపుకుని వచ్చేసేవాడు.

నా పెళ్లైన కొత్తలో పొలం గట్టు దగ్గర పాలోళ్లతో, అంటే దాయాదులతో, తగాదా ముదిరి, వాళ్లు చంపుతామన్నారని బాపుకు భయం పట్టుకుంది. లైసెన్సు సంపాదించాడు. పాలకుర్తి వైపు ఒక గడిలో దొరగారు పోయాక ఆయన రివాల్వర్ కొడుకు అమ్ముతున్నాడని తెలిసి, పట్నం నుంచి రావలసిన అనుమతులన్నీ తెచ్చుకుని, మిలటరీలో చేసి వచ్చిన మా మేనమామనూ నన్నూ వెంటబెట్టుకుని బయలుదేరాడు.

మా మామ దాన్ని అందుకోగానే చక్రం తెరిచి, లోపల తూటాలు లేవని మాకూ చూపించి, అప్పుడు గాని పరీక్ష మొదలుపెట్టలేదు. గొట్టం వెనక బొటనవేలి గోరు ఆనించి, కిటికీ వెలుతురు ఆ గోటి మీద పడేట్టు పట్టుకుని, ముందు నుంచి లోపలికి చూశాడు. లోపల మెలికలు తిరిగిన గాడులు అరగలేదన్నాడు. సుత్తి వెనక్కి లాగి చక్రాన్ని వేళ్లతో కదిపి చూస్తే కాస్తయినా వదులు లేదు. స్క్రూల తలలు ఒక్కటీ చెదరలేదు, అంటే తెలియని చెయ్యి దాన్ని ఎన్నడూ విప్పలేదన్నమాట. నల్లటి మెరుగు గొట్టం కొస దగ్గర మాత్రం పోయింది, అది తోలు సంచిలో పెట్టి తీయడం వల్ల వచ్చిన అరుగుదలే గాని తుప్పు కాదు. పిడి చెక్కకూ ఇనుముకూ నడుమ గోరు దూరదు. "దీన్ని చేసినోని చేతులకు మొక్కాలె బావా, గిసొంటిది మళ్ల దొరకది" అన్నాడు. బాపు కూడా చేతిలోకి తీసుకుని, ఎద్దు మెడ నిమిరినట్టే గొట్టం పొడుగునా నిమిరి, బాగుందన్నాడు.

అడగవలసిన మాట మాత్రం అడగలేదు. ఎందుకంటే దొర కొడుకు బాపుకు కుర్చీ వేయించాడు. మా తాత అలాంటి గడుల ముందు నుంచి చెప్పులు చేతబట్టుకుని నడిచిన మనిషి. ఆయన కొడుకుకు గడిలో కుర్చీ, పింగాణీ కప్పులో చాయ. ఆ కుర్చీలో బాపు వెన్ను ఆనించకుండా అంచు మీద కూర్చున్నాడు. దొర బిడ్డను పట్టుకుని ఎందుకు అమ్ముతున్నవని అడగడానికి ఆయనకు నోరు రాలేదు. ఎద్దులవాళ్లను అడిగిన నోరే అది.

ఆ ఏడే పత్తి ఏరే రోజుల్లో, పట్టపగలు, అన్నలు, అంటే నక్సలైట్లు, ముగ్గురు మా ఇంటికి వచ్చి అవ్వను మంచినీళ్లడిగి తాగి, చెంబు మర్యాదగా అరుగు మీద పెట్టి, దొర కాడ తెచ్చింది ఇయ్యమన్నారు. బాపు బిత్తరపోయి చూస్తుంటే వాళ్లలో ఒకడు జాలిపడినట్టు చెప్పాడు, "ఇయ్యుమని దొర కొడుక్కు నువ్వు కొనకముందే కబురు పెట్టినం. నీకు అమ్మిన్నని నీ పేరు చెప్పిండు". బాపు లోపలికి వెళ్లి తెచ్చిచ్చాడు. మరునాటి నుంచి ఠాణావాళ్లు. అమ్ముకున్నవా, అప్పజెప్పినవా అని రోజూ పిలిపించి, పొద్దుగూకేదాకా ఆవరణలో నిలబెట్టేవాళ్లు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి అంటే ఏమిటో మాకు అప్పుడు తెలిసింది. దొర కొడుకును మాత్రం ఎవరూ ఏమీ అనలేదు, ఆయన కాగితాలు సక్రమంగా ఉన్నాయి. మామ చెప్పిన దాంట్లోనూ ఒక్క తప్పు లేదు, వస్తువు మంచిదే.

ఠాణా తిప్పలు కొన్నాళ్లకు ఆగిపోయాయి గాని బాపు మళ్లీ అంగడికి పోలేదు. ఒకసారి టేకుమట్ల నుంచి తెలిసినాయన ఎద్దుల జతను మా వాకిట్లోకే తోలుకొచ్చి, ఒక్కసారి చూడు పటేలా అని బతిమాలితే, "నన్నడుగకు తమ్మీ, నా కండ్లు పోయినయ్" అని అటు తిరిగి కూర్చున్నాడు. ఆయన కళ్లకు ఏమీ కాలేదు. చనిపోయిననాడు వచ్చినవాళ్లు కూడా ఆయనను అన్నలకు తుపాకి ఇచ్చినాయన అనే చెప్పుకున్నారు గాని ఎద్దుల మాట ఒక్కరికీ గుర్తు రాలేదు. దొర కొడుకు మీద నాకు ఇప్పటికీ కోపం చల్లారలేదు, చల్లారాలని నాకూ లేదు.

జనగామలో చూపించింది నాసిరకం. స్క్రూల తలలు చెదిరిపోయి ఉన్నాయి, తుప్పు తిన్న గుంటల మీద కొత్తగా నల్లమెరుగు వేశారు, చక్రం వదులు. అదే చెప్పాను. మా వాడు వినకుండా నడుముకు పెట్టుకుని ఫోన్లో ఫొటో తీసుకుంటున్నాడు. అప్పుడు అమ్మేవాణ్ణి అడిగాను, "ఎందుకు అమ్ముతున్నవ్ బిడ్డా?" అని. ఆయన నవ్వి మా వాడి వైపు చూశాడు. మా వాడికి తల కొట్టేసినట్టయింది. "గట్ల అడుగుతరా పెద్దబాపు, ముందుగాల చాయ తాగు" అన్నాడు. చూసుకుంటే నాకూ కుర్చీ వేశారు, చాయ చేతిలో ఉంది.

తిరిగి వస్తూ కారులో వాడికి ఇదంతా చెప్పాలనుకున్నాను, వాడు దారి పొడుగునా ఫోన్లో ఎవరికో రివాల్వర్ సంగతే చెబుతున్నాడు. మా బాపు భయపడి కొన్నాడు, వీడు భయపెట్టడానికి కొన్నాడు, మారిందేమైనా ఉంటే అదే. ఎద్దులు పోయాయి, బేరాలు ఫోన్లలోకి వచ్చాయి, అమ్మేవాడి ముఖం చూసే పని ఎవరికీ లేకుండా పోయింది. నేను అడిగిన దానికి జనగామ ఆయన జవాబు చెప్పలేదు. బేరం మాత్రం కుదిరింది.