ఎస్తేరవ్వ ఎండిగిన్నె

మా అత్తమ్మ బాలలక్ష్మి ఒక్కసారి అనుకున్నదంటే దేవుడు దిగొచ్చినా ఇనదు. నాట్లకు, కలుపులకు కూలికి పోయి ఇద్దరు పిల్లల్ని సదివిచ్చిన మనిషి. కోడలిగ వచ్చినప్పటి సంది, పదకొండేండ్లు ఆమెతోని కొట్లాడుతున్న, ఒక్కపారి గెల్వలే.

మొన్న చలికాలంల ఆమె తల్లి ఎస్తేరవ్వ సచ్చిపోయింది. ఎల్లారెడ్డిల అవ్వ ఇంట్ల ఆమె పెట్టె సదురుతుంటే అడుగున పాత చీర మూట, అండ్ల ఒక గిన్నె దొరికింది. పొయ్యి మసి లెక్క నల్లగున్నది. అత్తమ్మ మొఖం మాడిపోయింది.

"గిదే పిల్లా, మా అవ్వను దొంగను చేసింది," అన్నది.

ఎస్తేరవ్వ అప్పట్ల మిషన్ దవాఖానల ఆయా. డాక్టరమ్మ తన దేశం పోతు పోతు ఆ గిన్నె ఆమె చేతుల పెట్టిందట. అదే దవాఖానల చీటీలు రాసే మరిది అబ్రాహాముకు ఏం దక్కలే. కడుపు మండి, "వదినె ఎత్కొచ్చింది" అని చర్చి కాడ అన్నడు. ఆ మాట ఊరంత తిరిగింది. అవ్వ గిన్నెను మూటగట్టింది, మల్ల ఎవ్వలకు చూపియ్యలే. అడుగుకు ఏవో సీమ గీతలు, దొరల రాతలున్నయని మాత్రం అనేదట. ఆదివారం చర్చిల కానుకల సంచి ఆమె ముందట్కి వస్తే అందరి కండ్లు ఆమె చేతుల మీదనే ఉండేయట. యాభై ఏండ్లు!

"కరగవెట్టిస్త. వచ్చిన పైసలు చర్చి కప్పు రేకులకు ఇస్త. దొంగసొమ్మన్న పేరు మంటల్నే పోవాలె," అన్నది అత్తమ్మ.

"పిల్లకు పట్టగొలుసులన్న చేయిద్దాం అత్తమ్మా," అన్న నేను.

ఒక్క చూపు చూసింది. ఆమె ఎనుకనే కామారెడ్డి బస్సెక్కిన.

ఎండి బంగారం పని చేసే అవుసలి భీమేష్ గిన్నె అంచును గీటురాయి మీద రుద్ది, ఆసిడ్ సుక్క ఏసి, బోర్లిచ్చి భూతద్దంల చూసిండు.

"అమ్మా, సింహం ముద్ర ఉన్నది. ఇది ఇంగ్లండు ఎండి. నూటికి తొంబైరెండున్నర పాళ్లు ఎండి, మిగిలింది రాగి. కరగవెడితే తూకం పైసలే వస్తయి. గిట్లనే ఉంచుతే ఇంక ఎక్కువ ధరకు పోతది. ఆలోచించుకోండ్రి."

"ఆలోచించే వచ్చిన. మంట ముట్టియ్యి."

మసితోని కరగవెట్టే మూసల ఎయ్యరాదని ఆయన కుంకుడు నురుగు పోసి బ్రష్షుతోని తోమిండు. సింహం పక్కన సుక్కలు సుక్కలు తేలినయి. పెండ్లికి పెట్టే బిందెల మీద పేరు కొట్టిస్తం సూడుండ్రి, అచ్చం అట్ల. తెలుగు అక్షరాలు! నేను గిన్నె గుంజుకొని చదివిన.

"ఎస్తేరమ్మకు డాక్టరమ్మ కానుక."

డాక్టరమ్మ మన రివాజు చూసి నేర్చుకున్నది, పేరు కొట్టిచ్చి ఇచ్చింది. సదువు రాని అవ్వ వాటిని సీమ గీతలనుకున్నది. సాక్ష్యం పెట్టెల పెట్టుకొని బతుకంత తలకాయ దించుకొని తిరిగింది పిచ్చి తల్లి!

అత్తమ్మ "ఓ అవ్వా" అని దుకాణం మెట్టు మీద కూలవడ్డది. జరసేపటికి కొంగుతోని మొఖం తుడుసుకొని లేసింది.

"మంట ఆర్పు బిడ్డా," అన్నది భీమేష్‌తోని.

ఆదివారం ఎల్లారెడ్డిల ప్రార్థన అయింది. అబ్రాహాముకు ఇప్పుడు ఎనభై దాటినయి, ముందల కుర్చీల కూసుంటడు. జనం లేస్తుంటే అత్తమ్మ పోయి ఆయన ఒడిల గిన్నె పెట్టింది.

"చిన్నబాపూ, గిది సదువు."

"కండ్లు కనవడయి బిడ్డా."

"ఏలు పెట్టి సదువు. సుక్కలు తగుల్తయి."

ఆయన ఏలు పట్టి అడుగు మీద తనే ఆనిచ్చింది. నేను ఆపుదామని లేసి, ఆగిన. ఎందుకాపాలె? ఏలు మెల్లగ జరిగింది. రెండో అక్షరం కాడ ఆగింది. ముసలాయన పెదవులల్లనే సదువుకున్నడు.

"గట్టిగ సదువు. అన్నప్పుడు గట్టిగనే అన్నవ్ గద."

"ఎస్తేరమ్మకు... డాక్టరమ్మ... కానుక."

ఆయన రెండు చేతులు జోడిచ్చిండు.

"తప్పయింది బిడ్డా. మాఫ్ చెయ్యి."

"చెప్పేది నాకు కాదు," అన్నది అత్తమ్మ. "సమాధి ఎనుకనే ఉన్నది. నడువు."

చేతికర్ర అందిచ్చి, రెట్ట పట్టి లేపింది. అందరం ఎంబడి నడిసినం.