పొంతన లేని పన్నెండు మాటలు

పోస్టాఫీసులో ముద్రలు కొట్టే ఆ నలభై ఏళ్లావిడ, క్యూలో జనం గోళ్లు కొరుక్కోవడం, గొంతు సవరించుకోవడం చెడిపోయిన ఫారాల వెనక రాసుకుంటుంది. అందులో సగం మనస్తత్వశాస్త్రం ఎమ్మేకి, సగం ఆమె రాసే కథలకి. రెండూ గ్రంథాలయంలో కూర్చుని తనంతట తాను నేర్చుకున్నవే. ప్రాక్టికల్ పరీక్షలో ప్రయోగం చెయ్యడానికి మనిషిని ఎవరికి వారే తెచ్చుకోవాలి గనక అత్తగారిని వెంటబెట్టుకెళ్లింది. ఒకదానితో ఒకటి పొంతన లేని పన్నెండు మాటల జాబితా తనే తయారుచేసి, చదివి వినిపించి, ఎన్ని గుర్తున్నాయో చూడాలి. ఆరేడు గుర్తుంటే గొప్ప. అత్తగారు గుక్క తిప్పుకోకుండా పన్నెండూ వరసగా అప్పజెప్పేసింది.

ఎగ్జామినరు కళ్లజోడు తీశాడు. "ఇంట్లో బట్టీ పట్టించి తెచ్చారా? అదే నిజమైతే ఫెయిల్ చేస్తాను." కోడలు పెన్ను మూత పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది. ఆ కంగారుకి పుస్తకాల్లో ఉన్న పేరు ఆమెకి తెలుసు. తెలిసినా చెయ్యి ఆగలేదు.

"బట్టీ ఏంటి నాయనా!" అంది అత్తగారు. "వాన, గొడుగు, దొంగ, మెట్లు, తాళం... చివర గుమ్మంలో చెప్పులు. వింటుంటే తెలియట్లా? మా కోడలు సరుకుల చీటీ రాసినా కథలాగే ఉంటుంది."

కోడలు ముఖం పాలిపోయింది. ఎగ్జామినరు జాబితాని పైనుంచి కిందికి రెండుసార్లు చదివాడు. "జాబితా తప్పమ్మా" అంటూ సరిగ్గా పాసు మార్కులు వేశాడు. కాగితం మాత్రం వదల్లేదు.

"ఇంతకీ ఆ చెప్పులు దొంగవేనా?"