అత్తయ్య వరండాలో నా రెండు ఫోటోలు

తాడేపల్లిగూడెంలో మా అత్తయ్య ఇంటి వరండాలో ఒక ఫ్లెక్సీ ఉంది. అందులో నేను రెండుసార్లు ఉన్నాను. ఎడమవైపు లావుగా, దిగులుగా. కుడివైపు సన్నగా, స్తంభానికి ఒక చెయ్యి ఆనించి, కాస్త తల వంచి. ఆ నిలబడటంలో ఏదో స్టైలుందని చూసినవాళ్ళు అనుకుంటారు. ఆ రోజు ఆ స్తంభం లేకపోతే నేను నేల మీద ఉండేవాణ్ణి. ఫోటో తీసిన మనిషికి ఆ సంగతి తెలుసు. తీసింది అత్తయ్యే.

అత్తయ్య మా నాన్నకి అక్క. నాకు ఊహ తెలియకముందే నాన్న పోయాడు. అమ్మ ఏలూరులో బడిపిల్లలకి పాఠాలు చెప్పుకుంటూ నన్ను పెంచింది. సెలవలొస్తే మాత్రం నన్ను గూడెం రైలెక్కించేసేది. నాకు అన్నం పెట్టడాన్ని అత్తయ్య పంతంగా తీసుకుంది. "తండ్రి లేని పిల్లాడు చిక్కిపోయాడంటే ఊరు నన్నే అంటుంది" అనేది. ఊరికి ఆ అవకాశం ఎప్పుడూ ఇవ్వలేదు. పెరుగన్నం అయిపోయాక కూడా "ఇంకొక్క ముద్దరా" అంటూ చేపల పులుసుతో మళ్ళీ మొదలుపెట్టేది. ఆ లెక్కన ఫ్లెక్సీలో రెండు ఫోటోలూ ఆవిడ చేతి పనే.

చదువయ్యాక నాకు గూడెంలోనే ఒక రైసుమిల్లు ఆఫీసులో ఉద్యోగం దొరికింది. పొద్దున్నే ఏలూరులో రైలెక్కడం, సాయంత్రం తిరిగి దిగడం. మిల్లు గేటు దగ్గర లారీలు తూచే కాటా ఉంది. మామూలు మనిషి ఎక్కితే దానికి తెలియను కూడా తెలియదు. నేనెక్కితే అంకె కదిలింది. మిల్లంతా టీ మానేసి వచ్చి చూశారు. "లోడా, ఖాళీయా అండీ?" అని కాటా ఆపరేటరు మర్యాదగానే అడిగాడు.

ఆ మాట అత్తయ్యకి చెప్పి నవ్వాను. ఆవిడ నవ్వలేదు. అప్పటికే వరండాలో ప్లాస్టిక్ కుర్చీలు వేసి, ఒక మిక్సీ పెట్టి, పొద్దున్నే నలుగురికి, బరువు తగ్గుతారంటూ, డబ్బాలో పౌడరు నీళ్ళలో కలిపి ఇస్తోంది. వచ్చేవాళ్ళు ఆవిణ్ణి కోచ్ గారూ అంటున్నారు. కోచ్ గారికి కావలసిందల్లా ఒక విజయం. ఆ విజయం ఎదురుగా కూర్చుని పకోడీ తింటోంది.

"ఆ పొట్లం అక్కడ పెట్టెయ్యి" అంది. "నేను చూసుకుంటాను నిన్ను."

పొద్దున పౌడరు, మధ్యాహ్నం పౌడరు, సాయంత్రం రైలుకి ముందు సూపు. సూపు అంటే సొరకాయ పక్కనుంచి వెళ్ళిన వేడినీళ్ళు. అన్నం, పప్పు, నూనె, పాలు ఏవీ లేవు. చిక్కల్లా అమ్మతోనే. మా ఇంట్లో తినడానికి కారణం అక్కర్లేదు, తినకపోతే మాత్రం వివరణ ఇచ్చుకోవాలి. అమ్మకి షుగరు. మాత్రలు వేసుకుంటుంది, డాక్టర్లని నమ్ముతుంది. తెలిస్తే నన్ను ముందు ఆసుపత్రికి తీసుకెళ్ళి అడుగుతుంది.

దారి అత్తయ్యే చెప్పింది. "వచ్చే బుధవారం నుంచి లెంటు. ఉపవాసం అని చెప్పు. మీ అమ్మ మారు మాట్లాడదు. సాయంత్రం మాత్రం నా దగ్గర తింటున్నానని చెప్పు."

ఎంత తెలివో అనుకున్నాను. లెంటంటే శ్రమకాలం, ఈస్టరుకి ముందు నలభై రోజులు. అప్పుడు మా క్రైస్తవుల్లో ఉపవాసం ఉన్నవాణ్ణి తినమని ఎవరూ బలవంతపెట్టరు. పెడితే పాపం. సంవత్సరం మొత్తంలో గోదావరి జిల్లా మనిషి ఆకలితో ప్రశాంతంగా ఉండగలిగేది ఆ రోజుల్లోనే. నా కోసమే ఇంత ఆలోచించిందనుకున్నాను.

మొదట్లో బరువు బాగా దిగింది. ప్యాంటు నడుము దగ్గర పిడికిలి దూరేంత జాగా. అత్తయ్య ఫోనులో గ్రూపు పెట్టి రోజూ నా నడుము కొలత అందరికీ చెప్పేది. నడుముకి అంత గుర్తింపు రావడం నాకూ బాగానే ఉంది. తరవాత మిగతావి మొదలయ్యాయి. మిల్లులో అందరూ చెమటలు కక్కుతుంటే నేను ఫ్యాను ఆపమనేవాణ్ణి. దువ్వెనకి నాకంటే ఎక్కువ జుట్టు వచ్చింది. బాత్రూములో కూర్చుని చేసే ప్రార్థనలు గుళ్ళో చేసేవాటికంటే నిజాయితీగా ఉండేవి. నా నోటి వాసనకి, గుళ్ళో పాటలు పాడే కొయిరులో పక్కనున్న బేస్ గొంతు ఆయన ఒక కుర్చీ జరిగి పాడాడు. గుళ్ళో మోకరించి లేస్తుంటే కళ్ళు చీకట్లు కమ్మి బెంచీ పట్టుకున్నాను. పాస్టరు అయ్యగారు అది చూసి కదిలిపోయి, మరుసటి ఆదివారం ప్రసంగంలో పేరు చెప్పకుండా ఒక యౌవనస్థుడి భక్తిని మెచ్చుకున్నారు. సంఘమంతా నావైపు తిరిగింది. అమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"కళ్ళు తిరుగుతున్నాయి అత్తయ్యా" అన్నాను.

"ఒంట్లో చెత్త పోతోందిరా."

"జుట్టు కూడా పోతోంది."

"పాతది పోకపోతే కొత్తది ఎక్కడ మొలుస్తుంది?"

"పోనీ ఒకసారి డాక్టరు గారికి చూపించుకోనా?"

"డాక్టర్లకి ఇవి తెలియవు. అడిగావంటే వద్దంటారు."

ఆ రెండింట్లో రెండోది నిజమే.

అత్తయ్య మాత్రం ఆ పౌడరు ఒక్కనాడూ తాగగా చూడలేదు. ఎసిడిటీ అట. నేను సూపు తాగుతుంటే వంటింట్లోంచి పులుసు వాసన వచ్చేది. అది నాకు పరీక్ష అనుకున్నాను. ఆవిడకి భోజనం.

మామయ్య కొల్లేరు వైపు చేపల చెరువులు కౌలుకి తీసుకుని చేస్తాడు. మాటలు తక్కువ మనిషి. మా మిల్లు తవుడే ఆయన చెరువుకి వెళ్తుంది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఆ పని మీద వెళ్తే గట్టు మీద కూర్చుని ఉన్నాడు. మర్నాడు పట్టుబడి. వల వేసి చేపలు పట్టి, ఐసు పెట్టి లారీ ఎక్కిస్తారు. చెరువులో కర్రలకి వేలాడే మేత సంచులు ఖాళీగా ఉన్నాయి.

"మేత వెయ్యలేదేంటి మామయ్యా?"

"పట్టుబడికి ముందు ఆపేస్తాం. కడుపు ఖాళీగా ఉంటే దారిలో చెడవు." నన్ను పైనుంచి కిందికి చూశాడు. "నిన్ను ఏ లారీ ఎక్కిస్తన్నార్రా అల్లుడూ?"

నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆ కుటుంబంలో నా జోకులకీ నవ్వరు, వాళ్ళ జోకులకీ నవ్వరు.

లారీ గుడ్ ఫ్రైడే నాడు వచ్చింది. ఏలూరులో మా గుళ్ళో మధ్యాహ్నం, సిలువ మీద క్రీస్తు పలికిన ఏడు మాటల ఆరాధన. ఐదో మాట, దప్పిగొనుచున్నాను, మీద ప్రసంగం నడుస్తుండగా కుడి డొక్కలో ఎవరో లోపల్నుంచి పట్టుకుని మెలిపెట్టినట్టయింది. నొప్పి వీపులోకి, అక్కడ్నుంచి కుడి భుజంలోకి పాకింది. ముందుకి వంగిపోయాను. పక్కనున్న పెద్దాయన నా వీపు మీద చెయ్యేసి "స్తోత్రం" అన్నాడు. ఆ రోజు వంగి ఏడ్చేవాళ్ళు ఉంటారు కాబట్టి, వాంతి అయ్యేదాకా ఎవరికీ అనుమానం రాలేదు.

ఆసుపత్రిలో స్కానింగు తీసి పిత్తాశయం నిండా రాళ్ళన్నారు. వాచింది కూడా, తీసెయ్యాలన్నారు. కబురు తెలిసి అత్తయ్య గూడెం నుంచి ఆటో మాట్లాడుకుని వచ్చింది. చేతిలో సెలైన్ సూదితో పడుకుని, ఆవిణ్ణి చూడగానే నిజంగానే ధైర్యం వచ్చింది నాకు. ఇక ఆవిడ చెబుతుంది డాక్టరుకి, ఏం తాగించిందో ఎంత తాగించిందో అనుకున్నాను.

డాక్టరు గారు నా వయసావిడే ఉంటారు. కాగితం మీంచి తల ఎత్తకుండా అడిగారు. "ఈ మధ్య బాగా బరువు తగ్గారా? తిండి ఏం తింటున్నారు?"

నేను నోరు తెరిచేలోపే అత్తయ్య అందుకుంది. "ఉపవాసాలండీ డాక్టరు గారూ. లెంటు కదండీ. వద్దురా నాయనా, ఒళ్ళు చూసుకోరా అని నెత్తీ నోరూ కొట్టుకున్నామండీ. భక్తి ఎక్కువండీ వీడికి."

నా జీవితంలో నా మీద ఎన్నో నిందలు పడ్డాయి గానీ, భక్తి పడటం అదే మొదలు.

అత్తయ్య వైపు చూశాను. ఆవిడ సెలైన్ సీసా వైపు చూస్తోంది, చుక్కలు సరిగ్గా పడుతున్నాయో లేదో అన్నట్టు. అప్పుడర్థమైంది. లెంటు అనే గొడుగు నాకోసం తెరిచిందనుకున్నాను. వాన రాగానే ఆవిడే దాని కిందికి వెళ్ళి నిలబడింది. తప్పు దేవుడి మీదికి వెళ్ళిపోయింది. ఇలాంటివి ఆయన చాలా చూసుంటాడు, ఏమీ అనలేదు.

నేనూ ఏమీ అనకూడదనే అనుకున్నాను. చిన్నప్పుడు ముద్దలు కలిపి పెట్టిన చెయ్యి. ఎవరో కొత్త మనిషి ముందు ఆవిడ పరువు తీసి ఏం లాభం, పోయేది ఎలాగూ నా పిత్తాశయమే కదా. అలాగే ఊరుకునేవాణ్ణి కూడా. కానీ అమ్మ మాట్లాడింది.

"వదినగారండీ, వీడు ఇలా పడుకుంటే మరి నేను సోమవారం మొదలెట్టనా, ఆగనా?"

"ఏంటి మొదలెట్టేది?" అన్నాను.

అమ్మ సిగ్గుపడింది. "నువ్వు అంత తగ్గేసరికి నాకూ ఆశ పుట్టిందిరా. వదినగారి పౌడరు. రెండు డబ్బాలు పంపించారు. పండగ వెళ్ళాక మొదలెట్టమన్నారు. షుగరు మాత్రలు కూడా ఇక అక్కర్లేదన్నారు."

నేను తగ్గింది ఉపవాసంతో అని అమ్మ నమ్మకం. తను తగ్గబోయేది పౌడరుతో. ఆ రెంటినీ కలపడం ఆవిడకి తట్టలేదు. తట్టకుండా అత్తయ్య చూసుకుంది.

"ఎందుకు ఆగడం అమ్మాయ్?" అంది అత్తయ్య మెత్తగా. "దానికీ దీనికీ సంబంధం ఏంటి? వాడిది ఉపవాసం. నీది పౌడరు."

"నాదీ పౌడరేనమ్మా" అన్నాను.

గుళ్ళో చాలా సాక్ష్యాలు విన్నాను, గంటలకొద్దీ. నేను చెప్పింది ఆ ఒక్కటే.

డాక్టరు గారు పెన్ను పక్కన పెట్టారు. "ఏ పౌడరు? రోజుకి ఎంత? దాంతోపాటు ఇంకేం తినేవారు?" చెప్పాను. సొరకాయ సంగతి కూడా దాచలేదు. ఆవిడ కోప్పడలేదు, అదే కాస్త భయంగా ఉండింది. తిండిలో కొవ్వు బొత్తిగా లేకపోతే పిత్తాశయం ముడుచుకోవడం తగ్గిపోతుందని, పైత్యరసం లోపలే నిలిచి చిక్కబడుతుందని, బరువు మరీ వేగంగా దిగినవాళ్ళలో రాళ్ళు అందుకే ఎక్కువ కడతాయని చెప్పారు. "ఇంత తక్కువ తిండి మేమూ పెట్టిస్తామండీ, అవసరమైనవాళ్ళకి. ముందు రక్తపరీక్షలు చేసి, కొన్నాళ్ళే, చూసుకుంటూ. మళ్ళీ అన్నంలోకి కూడా మెల్లగా తీసుకొస్తాం." అమ్మ వైపు తిరిగారు. "మీరు మటుకు మీ అంతట మీరు మొదలెట్టకండి. మాత్రలు వేసుకుంటూ తిండి మానేస్తే షుగరు పడిపోయి స్పృహ తప్పుతుంది. మాత్రలు మానేస్తే అదింకో ప్రమాదం. తగ్గించాలన్నా, ఆపాలన్నా మేం చూసి చెప్పాలి. డబ్బాలు ఒకసారి తీసుకురండి."

"నేను మంచికే చెప్పానండీ" అంది అత్తయ్య. ఎవరితోనో తెలియలేదు. కాసేపటికి సంచీ తీసుకుని, గూడెం బస్సు వెళ్ళిపోతుందని లేచింది. గూడేనికి అర్ధగంటకో బస్సుంది.

ఆవిడ వెళ్ళాక అమ్మ నా దుప్పటి సర్ది మంచం పక్కన కూర్చుంది. తిడుతుందనుకున్నాను, అబద్ధం చెప్పినందుకు. సిద్ధంగానే ఉన్నాను.

"సాయంత్రాలు ఆవిడ దగ్గర ఏం తినేవాడివిరా?"

"సూపమ్మా."

"సూపొక్కటేనా?"

"ఊఁ."

"వదినగారు పెడుతున్నారు కదా అని నేను హాయిగా నిద్రపోయేదాన్ని" అంది. అంతే.

పడుకుని ఫోను చూస్తే, నన్ను గ్రూపులోంచి తీసేశారు. పిత్తాశయం ఇంకా లోపలే ఉంది. ఆసుపత్రి వాళ్ళకంటే అత్తయ్య చురుకు.

ఆపరేషనయ్యాక మెల్లగా అన్నంలో పడ్డాను. పోయిన బరువులో సగం పైగా అడ్రసు వెతుక్కుంటూ తిరిగొచ్చింది. అమ్మ ఆ డబ్బాలు డాక్టరుకి చూపించి, పౌడరు పారబోసి, కడిగి ఇడ్లీ రవ్వ పోసుకుంది. మూతలు గట్టివట.

మొన్న మామయ్య చెరువు బాగా పండిందని గూడెంలో కృతజ్ఞత కూడిక పెట్టారు. వెళ్ళనన్నాను. "పిలిచారు, వెళ్ళాలి" అంది అమ్మ. ప్రార్థన అయ్యాక భోజనాలు వరండాలోనే. నాకు దొరికిన కుర్చీ సరిగ్గా ఫ్లెక్సీ కింద. ఎదురుగా కూర్చున్నావిడ ఫోటో వైపూ నా వైపూ మార్చి మార్చి చూసి, "మీరేనాండీ? ఎలా తగ్గారండీ అంత?" అంది.

"ఉపవాసం కాదండీ" అన్నాను. "ఆ స్తంభం పట్టుకుని ఎందుకు నిలబడ్డానో చెబుతాను, ముందు భోంచెయ్యండి."

వెనక గరిటె చప్పుడు ఆగింది. అత్తయ్య చేపల పులుసు గిన్నెతో వరస వడ్డించుకుంటూ వస్తోంది. ఎదుటావిడకి రెండు ముక్కలు వేసింది, అమ్మకి రెండు వేసింది. నా దగ్గర ఆగింది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ నన్ను ఒరేయ్ అని తప్ప పిలవలేదు.

"మీకు పడదేమోనండీ" అంది చాలా మర్యాదగా. పక్క ఆకుకి వెళ్ళిపోయింది.

మా జిల్లాలో మర్యాద ఎక్కువని బయటివాళ్ళు మెచ్చుకుంటారు. దాంతో ఏమేం చెయ్యొచ్చో వాళ్ళకి తెలియదు.

అమ్మ తన ఆకులోంచి ఒక ముక్క తీసి నా ఆకులో వేసింది. తోక ముక్క. నడుము ముక్క తనే ఉంచుకుంది. మామయ్య అటుగా నీళ్ళ గ్లాసులు పెడుతూ వచ్చి, నా ఆకు చూసి, గ్లాసు పెట్టి వెళ్ళిపోయాడు. నేను ముళ్ళు ఏరుకుంటూ తిన్నాను. పులుసు ఎప్పటిలాగే బాగుంది. అదే బాధ.