మామిడిపండ్లకు బెల్టు

పోయిన ఎండాకాలం బైరకూరు నుంచి కేజీఎఫ్‌లోని ఇంటికి వస్తుంటే కారు డాష్‌బోర్డు మీద ఎర్రలైటు వెలిగి, టింగుటింగుమని గంట మోగడం మొదలైంది. వెనక అమ్మా నాన్నా, నా పక్క సీట్లో బుట్టెడు మామిడిపండ్లు.

"నిలిపేయప్పా," అన్నాడు నాన్న. చాంపియన్ రీఫ్స్ బంగారు గనిలో మనుషుల్ని కిందికి దించి పైకి లాగే యంత్రాన్ని నడిపి రిటైరైన మనిషి ఆయన. "పసుపు లైటయితే నిదానంగా మెకానిక్ దగ్గరికి పోవచ్చు. ఎర్రదైతే, గంట ఎందుకు మోగిందో తెలీకుండా కదిలించేది లేదు."

నాకు ఒళ్లు మండింది. ముందు వారమే సర్వీసు చేయించాను. బానెట్ ఎత్తి ఆయిల్ చూశాను, నీళ్లు చూశాను. రెండూ సరిగానే ఉన్నాయి. మెకానిక్‌కు ఫోన్ చేసి, అతను నోరు తెరిచేలోపే నాలుగు మాటలు అనేశాను.

అంతలో నాన్న కారుతో వచ్చిన పుస్తకం తీసి, అందులోని బొమ్మల్ని డాష్‌బోర్డుతో పోల్చి చూశాడు.

"ఈడ చూడు, మనిషికి అడ్డంగా పట్టీ ఉండాది. బుట్ట బరువుకు సీట్లో ఎవరో కూర్చున్నారనుకొనింది," అంటూ బుట్టకు బెల్టు పెట్టాడు. లైటు ఆరిపోయింది. మెకానిక్‌కు మళ్లీ ఫోన్ చేయడానికి నాకు మొహం చెల్లలేదు.

బండి కదిలాక అమ్మ అడిగింది. "పండ్లకు పెట్టినారు, సరే. ఇంగ మీకు?"

"వెనక సీటుకు గంట మోగలేదు కదా," అన్నాడు నాన్న కిటికీలోంచి బయటికి చూస్తూ.

నేను బండి నిలిపేశాను. ఆయన బెల్టు పెట్టుకునేదాకా కదిలించలేదు.