డాబా మీద దిగిన విమానం

సౌదీ జుబైల్‌లో, రిఫైనరీ ఆపేసి మరమ్మతులు చేసే షట్‌డౌన్ పనుల దగ్గర క్రేన్ కొక్కేనికి ఇనుప తాడు టక్కున తగులుకున్నప్పుడల్లా మా విశాఖ తాతయ్య గుర్తొస్తాడు.

డెబ్బై ఒకటి యుద్ధంలో ఆయన నౌకాదళం ఫైటర్ స్క్వాడ్రన్‌లో, అంటే ఓడ మీంచి లేచే యుద్ధవిమానాల దళంలో, మెకానిక్. నా చిన్నప్పుడు విజిట్ వీసా మీద ఇక్కడికే, మా ఇంటికి వచ్చాడు. ఓడ మీద అడ్డంగా కట్టిన ఇనుప తాడుకు తోక కొక్కెం తగిలించుకుని విమానం ఎలా దిగుతుందో చూపిస్తానని డాబా మీద బట్టల తాడును జానెడెత్తున కట్టాడు. నా నడుముకు వెనక, వంకీ కిందికి వచ్చేలా గొడుగు వేలాడదీశాడు.

నేను చేతులు చాపి రయ్యిమని తిరిగాను. శత్రువుల ఓడ అనుకుని నీళ్ల ట్యాంకు మీద మెత్తబడ్డ టమాటాలు విసిరాను. తాతయ్య చప్పట్లు కొట్టలేదు.

"గెలిచాం కదా తాతయ్యా!" అన్నాను ఉక్రోషంగా.

"ఎక్కడ్రా? నువ్వింకా గాల్లోనే ఉన్నావు."

పరుగున వచ్చి తాడు దూకాను. గొడుగు వంకీ తాడుకు తగులుకుని వెల్లకిలా పడ్డాను. తాతయ్య గంతేసి చప్పట్లు కొట్టాడు. వెక్కిరిస్తున్నాడనుకుని ఏడ్చేశాను.

"పిచ్చోడా, మావాళ్లు ఎన్ని బాంబులేసొచ్చినా సరే, ఆఖరి విమానం తాడందుకున్నాకే మేం ఊపిరి పీల్చుకునేవాళ్లం," అన్నాడు నన్ను ఎత్తుకుని.

అప్పుడు అర్థం కాలేదు. నిన్న ఆయిల్ ట్యాంకు శుభ్రం చేయడానికి లోపలికి దిగిన మావాళ్లలో ఆఖరివాడు, జగిత్యాల ఫిట్టర్, చెమటలు కక్కుతూ బయటికొచ్చాడు. నాకు తెలియకుండానే చప్పట్లు కొట్టేశాను.

"ఏందన్నా, ఎవలు గెల్సిన్రు?" అని నవ్వాడు.

"మనమే," అన్నాను.